దొంగ కంటే ముందు దొరికేవాళ్లు

క్రైమ్ నవల చదివే పాఠకుడికి ఒక హామీ ఉంటుంది. మొదట్లో నేరం జరుగుతుంది, చివర్లో దోషి దొరుకుతాడు. మధ్యలో మూడు నాలుగు వందల పేజీలు 'ఎవరు చేశారు?' అనే ఒక్క ప్రశ్న మీద నడుస్తాయి. ఎం.ఏ. ఇంగ్లీషులో మాకు డిటెక్టివ్ సాహిత్యం మీద ఒక పేపరుండేది. సమాజంలో చెదిరిపోయిన క్రమాన్ని డిటెక్టివ్ తిరిగి నిలబెడతాడని క్లాసులో చెప్పారు. నోట్సు రాసుకున్నాను. రాసుకుంటుంటేనే 'ఏ క్రమం? ఎవరి క్రమం?' అని లోపల ఒక అనుమానం తొలిచింది. లేచి అడగటానికి అప్పట్లో నా ఇంగ్లీషు చాల్లేదు. ఇప్పుడు తెలుగులో అడుగుతున్నాను.

మాది పాత గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఊరు వేరు, పల్లె వేరు అని ఈ పత్రిక చదివేవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఊళ్లో ఒక ఆసామి చేలో బోరు మోటారు రాగివైరు పోయింది. తెల్లారేసరికి జీపొచ్చింది. చేలోకి పోలేదు, ఊళ్లోకి పోలేదు, సరాసరి పల్లెకే వచ్చింది. మా చిన్నాన్న ఆ చేలో నీళ్లు కట్టేవాడు. ఆయన్ని ఎక్కించుకుపోయి మూడు రోజులుంచారు. ఇంటికొచ్చాక నెల రోజుల దాకా అరికాళ్లు నేలకు ఆనించలేకపోయాడు. వైరు ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. చిన్నాన్న దొరికాడు కాబట్టి ఇంక వెతకాల్సిన పనిలేకపోయింది. సానుభూతి కోసం చెప్పటంలేదు ఈ సంగతి. ఆ పేపరు చదివేటప్పుడు నా వెంట క్లాసులోకి వచ్చిన అనుభవం ఇదీ అని చెబుతున్నా. పక్క బెంచీవాళ్ల వెంట వేరే అనుభవాలు వచ్చుంటాయి. విమర్శకుడు వట్టి చేతులతో పుస్తకం దగ్గరికి వస్తాడని చెప్పేవాళ్లతోనే నాకు పేచీ.

మాకు పాఠంగా పెట్టిన నవల విల్కీ కాలిన్స్ రాసిన 'ది మూన్‌స్టోన్'. 1868లో డికెన్స్ నడిపే వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం కూలినప్పుడు ఒక ఇంగ్లీషు సైనికాధికారి కాపలావాళ్లను చంపి వజ్రం కాజేస్తాడు. యాభై ఏళ్లకు ఆ వజ్రం అతని మేనకోడలికి పుట్టినరోజు కానుకగా చేరి, ఆ రాత్రే మాయమవుతుంది. అంటే నవలలో మొట్టమొదటి నేరం దోపిడీ, హత్య. దాని మీద ఏ డిటెక్టివూ రాడు. రెండోసారి, దొంగసొత్తు దొంగిలించబడినప్పుడు మాత్రమే దర్యాప్తు మొదలవుతుంది. ఈ వెటకారం కాలిన్స్‌కు తెలుసనే అనుకుంటాను, లేకపోతే శ్రీరంగపట్నాన్ని ముందుమాటలా పెట్టడు. మా క్లాసులో మాత్రం ఆ భాగాన్ని పది నిమిషాల్లో దాటేశాం.

పోలీసులొచ్చి మొదట చేసే పని పనివాళ్ల గదులు సోదా చేయడం. ఆ చుట్టుపక్కల కనపడ్డ ముగ్గురు భారతీయుల మీద రుజువేమీ లేకపోయినా దేశదిమ్మరులన్న సాకుతో జైల్లో పెడతారు. ఆ ఇంట్లో రోజానా స్పియర్‌మన్ అని ఒక పనిమనిషి. ఒకప్పుడు దొంగతనం చేసి శిక్ష అనుభవించి వచ్చింది. ఒక భుజం వంకర. డిటెక్టివ్ సార్జంట్ కఫ్ ఆమెను చూడగానే గుర్తుపడతాడు, తోడుదొంగ అని లెక్కవేస్తాడు. ఆమె చివరికి సముద్రపు ఒడ్డున ఊబిలో దిగి చచ్చిపోతుంది. శవం కూడా దొరకదు. వజ్రం తీసినవాడు ఆ ఇంటి బంధువైన పెద్దమనిషి, నల్లమందు మత్తులో తనకే తెలియకుండా తీస్తాడు. అతని దగ్గర్నుంచి దాన్ని కాజేసినవాడు ఇంకో పెద్దమనిషి, ధర్మసంస్థల్లో ఉపన్యాసాలిచ్చే దాత.

రోజానా పాత్ర 'రెడ్ హెర్రింగ్' అని మాకు చెప్పారు. అంటే పాఠకుడి కళ్లు అసలు దొంగ మీద పడకుండా పక్కకు తిప్పే పాత్ర. సరే. కానీ పనిమనిషి, పాత ఖైదీ, నల్లవాళ్లు, వీళ్లే ఎందుకు రెడ్ హెర్రింగ్ అవుతారు? పాఠకుడు వీళ్లను సులువుగా అనుమానిస్తాడు కాబట్టి. ఆ అనుమానం రచయిత పుట్టించింది కాదు, పాఠకుడి ఇంట్లోనే సిద్ధంగా ఉంది. రచయిత దాన్ని పెట్టుబడిగా వాడుకున్నాడు. ఎలాగో కూడబలుక్కుని ఈ మాట క్లాసులో అన్నాను. మా సారు మంచాయనే, ఓపిగ్గా విన్నాడు. 'సోషియాలజీ తర్వాత చూద్దాం, ముందు నవల నిర్మాణం చూడు' అన్నాడు. నేను చెప్పింది నిర్మాణం గురించే. పాఠకుడి మనసులోంచి ఆ చెడ్డ అనుమానాన్ని తీసేస్తే 'మూన్‌స్టోన్' సగం కూలిపోతుంది. కులాన్నీ వర్గాన్నీ వస్తువులో వెతకమంటారు గానీ శిల్పంలో వెతకనివ్వరు మనవాళ్లు.

కాలిన్స్‌ను తీసిపారేయటంలేదు. చచ్చిపోయిన రోజానాకు ఒక పొడవాటి ఉత్తరం రాసిచ్చాడు, ఆమె ప్రేమనూ కోపాన్నీ ఆమె చేతనే చెప్పించాడు. చేయని నేరాన్ని నెత్తిన మోసే ఎజ్రా జెన్నింగ్స్ అనే మిశ్రమజాతి మనిషి చేత చిక్కుముడి విప్పించాడు. అప్పటి రచయితల్లో అంతమాత్రం చేసినవాళ్లు తక్కువే. కానీ ముగింపు చూడండి. వజ్రాన్ని తిరిగి తెచ్చిన ముగ్గురు భారతీయులూ బ్రాహ్మలు. ఆ పనికోసం కులం పోగొట్టుకున్నారు కాబట్టి విడిపోయి మూడు దారుల్లో యాత్రకు పోతారు. కాలిన్స్‌కు అదొక మహాత్యాగంలా కనపడింది. (కులం పోగొట్టుకునే అదృష్టం మాకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.)

ఆ నవల వచ్చిన మూడేళ్లకే, 1871లో, ఇక్కడ నేరస్త జాతుల చట్టం వచ్చింది. పాఠకుడి అనుమానాన్ని నవల వాడుకుంటే, చట్టం దాన్ని రిజిస్టర్లకెక్కించింది. ఫలానా కులంలో పుడితే చాలు, పేరు రాయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. 1911లో మార్చిన చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికింద ఎరుకలవాళ్ల కోసం సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద అది స్టూవర్టుపురం అయింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. రద్దయిన చట్టం స్థానంలో 'అలవాటు నేరస్తుల' చట్టాలొచ్చాయి. విముక్త జాతులవాళ్లను పుట్టు నేరస్తులుగా చూసే రాతలు జైలు మాన్యువళ్లలో ఎంతకాలం మిగిలాయంటే, వాటిని కొట్టేస్తూ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 2024 అక్టోబరు 3న.

చట్టం పోయినా సినిమా ఆ ఊరిని వదల్లేదు. 1991లో చిరంజీవితో యండమూరి వీరేంద్రనాథ్ తీసింది 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్'. 2023లో రవితేజతో 'టైగర్ నాగేశ్వరరావు'. రెండో దానిలో దొంగే హీరో. ఇది పురోగమనం అన్నవాళ్లున్నారు. నాకట్లా కనపడదు. దొంగను వీరుణ్ణి చేస్తే ఆ ఊరు దొంగల ఊరు కాకుండా పోతుందా? చదువుకుని టీచర్లయినవాళ్లు, గుమాస్తాలయినవాళ్లు, పొలం చేసుకునేవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. వాళ్లలో ఒకరి కథ మీద టిక్కెట్లు తెగవని నిర్మాత లెక్క. ఆ ఊరిపేరు దొంగతనంతో కలిస్తేనే వాళ్లకు సొమ్ము.

ఇదే నేల మీద ఇంకో పుస్తకముంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో కూర్చుని రాసిన 'మాలపల్లి'. దాన్ని బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. డిగ్రీలో తెలుగు పాఠంగా విన్నాను. గాంధీమార్గం ఇటు, విప్లవం అటు అని రెండు గళ్లు గీసి చెప్పారు. ఎవరూ దాన్ని నేరసాహిత్యం అనలేదు. నిజానికి అందులో ఉన్నదంతా నేరమూ శిక్షే. సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోతాడు, అన్నదమ్ముడు వెంకటదాసు దోపిడీదారుల నాయకుడవుతాడు, రామదాసు కుటుంబం సెటిల్మెంటు పాలవుతుంది. సంగదాసును చంపిందెవరన్నది ఇందులో రహస్యం కాదు. పాఠకుడికి తెలుసు. 'ఎవరు చేశారు' అనే ప్రశ్న మొదట్లోనే చచ్చిపోయిన నవల ఇది. ఆ తర్వాత వచ్చే ప్రశ్న వేరు: చంపినవాడు ఇంట్లో ఉండగా చచ్చినవాడి ఇంటివాళ్లు జైలుకెట్లా చేరారు? కొడుకు చావును రామదాసు వేదాంతంతో మింగడం నాకు నచ్చదు, అక్కడ ఉన్నవ తన వైరాగ్యాన్ని మాలవాడి నోట్లో పెట్టాడు. కానీ పోలీసు, కోర్టు, సెటిల్మెంటు మన దగ్గర ఎట్లా పనిచేస్తాయో ఆయనకు తెలిసినంత ఏ డిటెక్టివ్ నవలాకారుడికీ తెలియదు.

ఉన్నవ నవల తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లకు చుండూరు. పాఠకులకు తెలిసిన చరిత్రే, అయినా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది సినిమా హాల్లో మొదలైంది. చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకులం కుర్రాడికి తగిలింది. గొడవ, ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ, చివరికి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య. పట్టపగలు, ఊళ్లో పోలీసులుండగానే. కొన్ని శవాలను గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టును ఊళ్లోనే పెట్టించుకోవడానికి బాధితులు పోరాడాల్సొచ్చింది. 2007 జూలైలో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. ఏ సమయంలో చనిపోయారు, సరిగ్గా ఏ చోట, కొట్టినవాళ్లెవరు అన్నవి ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందట.

ఈ మూడు ప్రశ్నలూ మా డిటెక్టివ్ పేపర్లో నేర్పినవే. సమయం, స్థలం, మనిషి. పారిపోతూ ప్రాణాలు దక్కించుకున్నవాడు గడియారం చూసుకుని పారిపోవాలన్నమాట. పదహారేళ్లు సాక్షులు బెదిరింపులకు నిలబడి చెప్పిన పేర్లు చాల్లేదు. రాగివైరు పోయినప్పుడు మా చిన్నాన్న మీద ఈ మూడింట్లో ఒక్కటైనా ఎవరూ అడగలేదు. కాబట్టి రుజువు అనేది అందరికీ ఒకే కొలత కాదు. పల్లెవాడు నిందితుడైతే అనుమానమే రుజువు, పల్లెవాడు హతుడైతే రుజువు కూడా అనుమానమే. డిటెక్టివ్ నవల మొదటి సగాన్ని కొంత చూడగలిగింది. రెండో సగాన్ని చూసే శక్తి దానికి లేదు. ఎందుకంటే దోషి అందరికీ తెలిసిపోతే దాని కథ అయిపోతుంది. మన కథ అక్కడే మొదలవుతుంది.

అందుకే 'విసారణై' నాకు ముఖ్యమైన సినిమా అనిపించింది. కోయంబత్తూరు ఆటోడ్రైవరు ఎం. చంద్రకుమార్ 1983లో గుంటూరు పోలీసుల చేతిలో తను పడ్డ హింసను 'లాకప్' అని తమిళంలో పుస్తకంగా రాశాడు. దాని మీద వెట్రిమారన్ 2015లో ఈ సినిమా తీశాడు. పొట్టకూటికి గుంటూరొచ్చి పార్కులో పడుకునే తమిళ కూలీలు. ఒక పెద్దవాళ్లింట్లో దొంగతనం జరుగుతుంది. వీళ్లను పట్టుకొచ్చి ఒప్పుకోమని కొడతారు. ఎందుకు కొడుతున్నారో వాళ్లకు తెలియదు, కొట్టేవాడి భాష కూడా తెలియదు. సినిమాలో రహస్యం లేదు. వీళ్లు చేయలేదని మనకు తెలుసు, పోలీసులకూ తెలుసు. ఫైలు మూసేయడానికి వాళ్లకు కావాల్సింది దొంగ కాదు, ఒప్పుకోలు. రెండో సగం తమిళనాడుకు పోయాక సినిమా మామూలు ఉత్కంఠలో పడిందని నా అభిప్రాయం. మొదటి సగం మాత్రం లాకప్ గోడల మధ్య నుంచి కదలనివ్వదు.

'జై భీమ్' (2021) పేరు చాలామంది ఎత్తుతారు. మంచి సినిమా. అయితే 1993 నాటి అసలు కేసులో చనిపోయింది కురవ కులం మనిషి, సినిమాలో ఇరుల అయ్యాడు. కురవలంటే మన ఎరుకలకు దగ్గరి చుట్టాలు, నేరస్త జాతుల జాబితాకెక్కినవాళ్లు. ఆ ముద్ర వాళ్ల మీద ఎట్లా పడిందో చూపించే అవకాశం అక్కడ జారిపోయింది. అదొక్కటే నా ఫిర్యాదు.

గుంటూరు లాకప్ మీద సినిమా తమిళంలో రావాల్సొచ్చింది, తెలుగులో రాలేదు. మన తెర మీద పోలీసు 'అంకుశం' (1989) కాలం నుంచీ హీరోనే. ఇంటరాగేషన్ గదిలో హీరో చెయ్యి ఎత్తితే హాల్లో ఈలలు. ఆ ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, చిన్నాన్న మంచంలో ఉన్న ఏడాది కూడా.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు చిన్నాన్నకు ఫోన్లో 'విసారణై' పెట్టిచ్చాను. తమిళం రాదు కదా అని పక్కన కూర్చుని చెబుదామనుకున్నా. పోలీసుల మాటలు తెలుగే కాబట్టి నా అవసరం పడలేదు. అరగంట చూసి ఫోను నా చేతికిచ్చేశాడు. 'వాళ్లని కోర్టుకన్నా తీసుకెళ్లార్రా?' అని అడిగాడు. తీసుకెళ్లారు చిన్నాన్నా, జడ్జి వదిలేశాడు కూడా అన్నాను. 'నన్ను తీసుకుపోలా' అని గేదెలకు నీళ్లు పెట్టడానికి లేచాడు.