గర్నాతా - ఒక పేరు, పలు అర్థాలు

ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చే రచనలలో స్పెయిన్‌లోని గర్నాతా నగరం పేరు ఎదురైనప్పుడు అనువాదకులు తరచు రెండు పనులు చేస్తారు. పక్కనే "దానిమ్మ" అని అర్థం వ్రాస్తారు. వెంటనే 1492 నాటి పతనాన్ని తలచి నిట్టూరుస్తారు. ఈ రెండూ పరిశీలించదగినవే.

మొదటిది అర్థం. స్పానిష్ భాషలో గ్రనాడా అంటే దానిమ్మపండు. అరబ్బులు ఆ ఊరిని గర్నాతా అన్నారు. ఆ పదం పుట్టుకపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. అరబీలో దానిమ్మకు మాట రుమ్మాన్. దివ్య ఖుర్‌ఆన్‌లోని అర్‌రహ్మాన్ సూరా 68వ ఆయత్‌లో స్వర్గఫలంగా వచ్చింది ఆ మాటే. దానికీ గర్నాతాకూ పోలికే లేదు. నగరాన్ని గెలిచిన ఫెర్డినాండ్, ఇసబెల్లాలు తమ రాజచిహ్నంలో దానిమ్మను చేర్చుకున్నారు. కనుక గర్నాతా పక్కన "దానిమ్మ" అని వ్రాయడమంటే, తెలియకుండానే విజేత ముద్ర వేయడమే.

శబ్దాన్ని బట్టి ఊరి చరిత్ర చెప్పరాదన్నది హిందూపురం ప్రాంతంవారికి కొత్త సంగతి కాదు. హిందూపురం పేరు వినగానే కొందరు మతాన్ని ఊహిస్తారు. కాని గుత్తి మరాఠా పాలకుడు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరిట ఆ ఊరు కట్టించాడని చెబుతారు. ధర్మవరం పేరు కూడా క్రియాశక్తి ఒడయారు తల్లి ధర్మాంబను బట్టి వచ్చిందని ప్రతీతి. పెనుకొండ నిజంగా పెద్ద కొండే. అయినా 1565 తళ్ళికోట యుద్ధం తరువాత అది విజయనగర రాజధాని అయిందనిగాని, అక్కడి బాబా ఫఖ్రుద్దీన్ దర్గాకు హిందువులూ ముస్లిములూ వస్తారనిగాని పేరు చెప్పదు.

రెండవది నిట్టూర్పు. గర్నాతా మొదట ఎల్విరా పట్టణం చేరువలోని యూదుల నివాసం. పదకొండవ శతాబ్దంలో జీరీ వంశీయులు దానిని రాజధాని చేసుకున్నారు. యూదు పండితుడు సామ్యూల్ వారికి వజీరుగా పనిచేశాడు. 1238లో నగరం నస్రీ వంశీయుల చేతికి వచ్చింది. 1492 జనవరి 2న అబూ అబ్దుల్లా దానిని అప్పగించాడు. రాజ్యం పోయినా పేరు పోలేదు. అల్జీరియాలోని తిలిమ్సాన్, మొరాకోలోని ఊజ్దా పట్టణాలలో అందలుస్ సంగీతాన్ని నేటికీ గర్నాతీ అంటారు. స్పెయిన్‌వారు ఆ పేరునే అమెరికా ఖండానికీ తీసుకుపోయారు. నికరాగ్వాలో 1524లో మరో గ్రనాడా వెలిసింది. 1983లో అమెరికా సేనలు దిగిన కరీబియన్ దీవి గ్రెనడా వేరు. దానిని ఈ నగరంతో కలపరాదు.

ఇక్బాల్ 1933లో స్పెయిన్ చూశాడు. "బాలె జిబ్రీల్" సంపుటిలోని "హస్పానియా" కవితలో గర్నాతాను చూసినా బాటసారి మనసు ఊరట పొందలేదంటాడు. ఆ మాటలో ఉన్నది శోకం మాత్రమే కాదు, తీరని తపన. అనువాదం దానిని ఏడుపుగా మారిస్తే కవికి అన్యాయం జరుగుతుంది.

పాత నగరానికి గర్నాతా, నేటి నగరానికి గ్రనాడా అని వ్రాయడం ఉచితం. "దానిమ్మ" అవసరం లేదు. 2003లో అక్కడ కొత్త మస్జిద్ తెరుచుకుంది. 1492తోనే ఆ పేరుకు ముగింపు పలికే అనువాదకులు ఆ అజాన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి.