తుంగభద్రకు ఈవలి స్వాతంత్ర్యదినము

ఆగస్టు పదునైదవనాడు మన బడులలో చదువబడు ఉపన్యాసము ఊరూర నొక్కటే. తెల్లవారు పోయిరి, త్రివర్ణపతాక యెగిరెను, పిల్లలకు మిఠాయి పంచబడును. దానియందు దోషము పట్టుట మా యుద్దేశము గాదు. కాని రాజోలిలో దానిని చదివినప్పుడు సగము సత్యమే యగుచున్నది. 1947లో తుంగభద్ర కావలనున్న కర్నూలుసీమ మదరాసు రాజధానిలోనిది. ఈవలనున్న రాజోలి నిజాము రాజ్యములోనిది. తాను హిందూస్థానమునగాని పాకిస్థానమునగాని చేరనని నిజాము ఆ జూనులోనే ఫర్మానా వెలువరించి యుండెను. హైదరాబాదున పతాక నెగురవేయ బూనిన స్వామి రామానందతీర్థులు నిర్బంధింపబడిరి. భారతసేన 1948 సెప్టెంబరు 13న ప్రవేశించి, 17న నిజాము లొంగువఱకు, సుంకేసుల కడ ఏఱు దాటినవాడు పదుమూడు నెలల దూరము దాటినట్లే.

ఆ సెప్టెంబరు 17కు పేరు కుదురలేదు. విమోచన మని కొందఱు, విలీన మని కొందఱు. తెలంగాణ ప్రభుత్వము 2022లో జాతీయ సమైక్యతాదిన మన్నది. 2024లో ప్రజాపాలనాదిన మన్నది. కేంద్ర ప్రభుత్వమునకు అది హైదరాబాదు విమోచనదినము. గద్దెతోపాటు పేరును మాఱుచుండగా, పిల్లవానికి జరిగిన దేమో చెప్పువాడు లేడు. రజాకార్ల దౌర్జన్యమును చెప్పవలెను. దొరల నెదిరించిన రైతులను చెప్పవలెను. సైన్యము వచ్చిన పిమ్మట చంపబడిన ముస్లిములనుగూర్చి పండిత సుందరలాలు సంఘము విచారించి, మృతులు ఇరువదియేడు మొదలు నలువదివేల వఱకు నుందురని అంచనా వేసిన సంగతియు చెప్పవలెను. ఇది పండుగనాడు చెప్పదగిన మాటయా యని యడుగువారు గలరు. తరగతిలో అన్ని యిండ్ల పిల్లలును కూర్చుందురు గదా! తన తాత యేడ్చిన దినమును కేవలము పండుగ యని విని చప్పట్లు కొట్టవలసిన బాలుని స్థితి యెట్టిదో వారు తలపరు.

ఉపన్యాసమువలెనే జెండాగుడ్డయు నేడు ఎచటనుండియో వచ్చుచున్నది. పూర్వము జాతీయపతాక చేత వడికి చేత నేసిన ఖద్దరుదే కావలెనని నియమ ముండెను. 2021 డిసెంబరు 30 నాటి సవరణతో మరనేతకును పాలియెస్టరునకును అనుమతి వచ్చినది. గుడ్డ చవుకయైనది, జెండాలు పెరిగినవి; నిజమే. కాని రాజోలి, గద్వాల చీరలు నేయు మగ్గముల యూరు. ఆ యూరి సాలెవాని కొడుకు చేతికి మరగుడ్డ జెండా నిచ్చి స్వదేశీ యుద్యమమును బోధించు ఉపాధ్యాయుడు, వాడు తన తండ్రి మగ్గమునుగూర్చి యడిగినచో ఏమి చెప్పునో!