మూడు నిమిషాల బతుకమ్మ

2021 అక్టోబరు 23, శనివారం రాత్రి దుబాయిలోని బుర్జ్ ఖలీఫా మీద బతుకమ్మ వెలిగింది. మూడేసి నిమిషాల చొప్పున రెండుసార్లు సాగిన ఆ ప్రదర్శనలో పూల దొంతరలు, తెలంగాణ పటం, అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు చిత్రం, జై హింద్, జై తెలంగాణ నినాదాలు కనిపించాయి. నిర్వహించినది తెలంగాణ జాగృతి. ఆ సంస్థ అధ్యక్షురాలు కల్వకుంట్ల కవిత అప్పుడు శాసనమండలి సభ్యురాలు, ముఖ్యమంత్రి కుమార్తె. ఆ ఏడాది పండుగకు జాగృతి విడుదల చేసిన ‘అల్లిపూల వెన్నెల’ పాటకు సంగీతం ఏ. ఆర్. రెహమాన్‌ది, చిత్రీకరణ గౌతమ్ మేనన్‌ది.

ఆ తరువాతి వారం, జగిత్యాల ప్రాంతం నుండి వచ్చి ఇక్కడ భవన నిర్మాణంలో పనిచేస్తున్న ఒకాయన మధుమేహం పరీక్షకు నా దగ్గరికి వచ్చాడు. రక్తపోటు చూస్తుండగానే రెండో చేత్తో ఫోను తీసి వీడియో చూపించాడు. “సార్, గిది మన బతుకమ్మనే. గంత పెద్ద బిల్డింగు మీద మనది గూడ ఏసిన్రు.” ఆయన ఉండే కార్మికుల శిబిరం ఆ కట్టడానికి ఎంతో దూరం కాదు. అయినా ఆయన చూసినది ఊరి నుండి వాట్సాప్‌లో ఎవరో పంపిన ముక్కనే.

తన పండుగ ఆనవాలు వీధిలో ఎక్కడా కనబడని నగరంలో ఏళ్ళ తరబడి బతికిన మనిషికి ఆ వెలుగు ఇచ్చిన సంతోషం అబద్ధం కాదు. దాన్ని తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆయన వాడిన ఒక్క క్రియాపదాన్ని, ‘ఏసిన్రు’ అన్న మాటను, పరిశీలించడమే ఉద్దేశం. వేసినది ఎవరు? ఎవరి సొమ్ముతో? ఎవరి అనుమతితో?

గోడ ఎవరిది?

828 మీటర్ల ఈ కట్టడం 2010 జనవరి 4న ప్రారంభమైంది. ఆ రోజు వరకు దాని పేరు బుర్జ్ దుబాయి. ప్రారంభోత్సవంలోనే అబూ ధాబీ పాలకుడు, దేశాధ్యక్షుడు అయిన షేక్ ఖలీఫా పేరు పెట్టారు. అంతకు కొన్ని వారాల ముందు, 2009 డిసెంబరులో, అప్పుల్లో చిక్కుకున్న దుబాయిని ఆదుకోవడానికి అబూ ధాబీ వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చింది. ఈ రెండింటినీ కలిపి చదవనివారు ఆనాడు అరుదు. ఆ లెక్కన ఆ గోడ మీద వెలిగిన మొదటి అక్షరాలు ఒక విధంగా ప్రజాధనానికి చెప్పిన కృతజ్ఞతే.

కట్టడం యజమాని ఎమార్ ప్రాపర్టీస్ అనే వాటాల కంపెనీ. అందులో దుబాయి ప్రభుత్వ పెట్టుబడి సంస్థలకు చాలా కాలంగా వాటా ఉంది. ఒకవైపు వాణిజ్యం, మరొకవైపు రాజ్యం. రెంటికీ నడుమ గీత పలచన. ఆ గోడ మీద పరచిన లక్షల దీపాల తెరలోనూ ఈ పలచదనమే కనిపిస్తుంది. ఆగస్టు 15న దాని మీద మువ్వన్నెల జెండా వెలుగుతుంది. 2018 అక్టోబరు 2న గాంధీ రూపం వెలిగింది. 2021 ఏప్రిల్ 25న, మన దేశంలో ఆక్సిజన్ అందక జనం ప్రాణాలు కోల్పోతున్న రోజుల్లో, ధైర్యంగా ఉండమని భారతదేశానికి సందేశం వెలిగింది. ఇవి మర్యాద, సంఘీభావం. అదే తెర మీద షారుఖ్ ఖాన్ పుట్టినరోజు శుభాకాంక్షలు, సినిమాల ముందుచూపులు, సెల్‌ఫోన్లు, అత్తరులు కూడా వెలుగుతాయి. వీటిలో ఏది గౌరవం, ఏది స్నేహం, ఏది కొనుగోలు? చూసేవాడికి చెప్పే గుర్తు ఏదీ లేదు. ఎత్తు అదే, వెలుగు అదే, ఫోనులు ఎత్తిపట్టుకున్న గుంపు అదే.

ధర మాత్రం రహస్యం కాదు. 2019లో దుబాయి పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం, పనిదినాల్లో రాత్రి 8 నుండి 10 గంటల మధ్య మూడు నిమిషాల ప్రదర్శనకు రెండున్నర లక్షల దిర్హాములు. వారాంతంలో మూడున్నర లక్షలు. సాయంత్రం 7 నుండి అర్ధరాత్రి దాకా ఐదు ప్రదర్శనలు కావాలంటే పది లక్షలు. డబ్బు కట్టినంత మాత్రాన సరిపోదు, చూపే విషయాన్ని యజమాని ఆమోదించాలి కూడా.

2021లో దసరా అక్టోబరు 15న వచ్చింది. సద్దుల బతుకమ్మ అంతకు ముందురోజు. దుబాయి గోడ మీద బతుకమ్మ వెలిగినది పండుగ వెళ్ళిన తొమ్మిది రోజులకు, ఆనాటి ఎమిరేట్స్ వారాంతంలో. ఊళ్ళో బతుకమ్మ అమావాస్యను చూసుకుని వస్తుంది. తెర మీదికి ఖాళీ దొరికిన రోజున వస్తుంది.

కుదిరినది, కుదరనిది

ప్రదర్శనను ప్రదర్శనగా చూద్దాం. శిల్పపరంగా ఈ ఎంపికలో తెలివి ఉంది. బుర్జ్ ఖలీఫా అంతస్తులు పైకి పోయే కొద్దీ మెట్లు మెట్లుగా సన్నబడతాయి. తాంబాళంలో గునుగు, తంగేడు, బంతి, చామంతి వరుసలు పేర్చుకుంటూ పోతే చివరికి వచ్చే రూపమూ అదే. రూపకర్త ఏడ్రియన్ స్మిత్ బృందం చేసిన ఈ మూడు రెక్కల ప్రణాళికకు ఒక ఎడారి పువ్వు ప్రేరణ అని చెబుతారు కూడా. ఒక సెల్‌ఫోను బొమ్మ ఆ గోడకు అతికించినట్టు ఉంటుంది. బతుకమ్మ అతికించినట్టు లేదు.

ఆకారం కుదిరింది, కుదరనిది చూపు. బతుకమ్మకు ముందువైపు, వెనుకవైపు లేవు. చుట్టూ తిరిగే ఆడవాళ్ళు దాన్ని చూడడానికి రారు, ఆడడానికి వస్తారు. పాట అందుకునే వాళ్ళున్నారు గాని ప్రేక్షకులు లేరు. పూలు ఎవరింటి నుండి వాళ్ళు తెస్తారు, చివరికి చెరువులో వదిలేస్తారు. మిగుల్చుకునేది సద్ది మాత్రమే. తెరకు ఉన్నది ముఖం ఒక్కటే. దాని ముందు నిలబడ్డ జనానికి చేయడానికి పని లేదు, చూడడం తప్ప. మూడు నిమిషాలు కాగానే గోడ మరొకరిది.

ముఖ్యమంత్రి చిత్రం సంగతి వేరు. బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అప్పటి నుండి స్వదేశంలో దానికి ప్రజాధనం ఖర్చవుతోంది. ప్రభుత్వ ప్రకటనల్లో ఎవరి బొమ్మలు ఉండవచ్చు అన్న ప్రశ్న మీద మన సుప్రీం కోర్టు 2015 మే 13న తీర్పు ఇచ్చింది. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, ప్రధాన న్యాయమూర్తి తప్ప మరెవరి బొమ్మలూ వద్దన్నది. 2016 మార్చిలో ఆ నియమాన్ని సడలించి ముఖ్యమంత్రులకు, గవర్నర్లకు, మంత్రులకు వీలు కల్పించింది. జాగృతి ప్రభుత్వ శాఖ కాదు. ఆ నియమం దానికి వర్తించదు. కార్యక్రమం తమదేనని ఆ సంస్థ దాచలేదు కూడా. అయినా పండుగ రాష్ట్రానిది, బొమ్మ పాలకుడిది, నిర్వహణ ఒక సంస్థది, గోడ ఒక కంపెనీది అయినప్పుడు, జగిత్యాల మనిషికి ఇవన్నీ కలిసి ‘మనది’గా వినిపిస్తాయి. ప్రకటన బలమంతా ఆ కలగలుపులోనే ఉంది.

డబ్బు ఎవరిదైనా

అయితే ప్రజాధనంతో నడిచే తెర దీనికి విరుగుడా? ఆ ప్రయోగాలూ జరిగాయి. బ్రిటన్‌లో బీబీసీ, స్థానిక పురపాలక సంస్థలు కలిసి 2003లో మాంచెస్టర్‌లో మొదలుపెట్టిన పెద్ద తెరలు, 2012 ఒలింపిక్స్ నాటికి ఇరవైకి పైగా పట్టణాలకు విస్తరించాయి. ఆటలు ముగిశాక 2013లో బీబీసీ తప్పుకుంది. ప్రజాధనం ఉన్నంతకాలమే ప్రజల తెర.

హాంకాంగ్ అనుభవం ఇంకా చేదు. 2016 మేలో అక్కడి అత్యంత ఎత్తైన కట్టడం ఐసీసీ గోడ మీద ప్రభుత్వ నిధులతో నడిచే కళామండలి ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. సాంప్సన్ వాంగ్, జేసన్ లామ్ అనే ఇద్దరు కళాకారులు తమ కృతిలో అంకెలను ఒక్కో సెకను తగ్గిస్తూ పోయారు. ఆ అంకెలు 2047 జూలై 1 దాకా, అంటే హాంకాంగ్ స్వయంప్రతిపత్తికి ఇచ్చిన యాభై ఏళ్ళ హామీ ముగిసే దాకా, మిగిలిన సమయం అని వారు బయటపెట్టగానే కళామండలి ఆ కృతిని ఆపించింది. ప్రజాధనానికీ యజమానులుంటారు.

కాబట్టి ప్రభుత్వమా, వ్యాపారమా అని అడిగితే జవాబు దొరకదు. అడగవలసినది నా వృత్తి నాకు నేర్పిన ప్రశ్న. వైద్య పత్రికలో ఒక మందు గురించి వ్యాసం వస్తే, ఆ పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారు, రచయితలకు ఆ కంపెనీతో సంబంధం ఏమిటి అన్న వివరం చివర అచ్చువేస్తారు. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం మందుల కంపెనీలు వైద్యులకు ఇచ్చే సొమ్ము వివరాలు ఎవరైనా చూసుకోవచ్చు. కంపెనీ డబ్బిచ్చినంత మాత్రాన పరిశోధన అబద్ధం కాదు. అయితే ఆ వివరం లేకుండా దాన్ని తూచలేం. వార్తాపత్రిక కూడా కొనుక్కున్న పేజీ పైన ‘ప్రకటన’ అని చిన్న అక్షరాల్లోనైనా వేస్తుంది. ఆకాశమంత తెరకు ఆ పాటి అక్షరాలు బరువు కాదు.

ఆ తెర అలాంటి లెక్క చెప్పిన సందర్భం ఒకటి ఉంది. 2020 రంజాన్ మాసంలో, కోవిడ్ వల్ల ఉపాధి పోయినవారి కోసం ఆ కట్టడాన్ని విరాళాల హుండీగా మార్చారు. పన్నెండు లక్షల దీపాలు. ఒక్కో దీపానికి పది దిర్హాములు. ఒక్కో దీపం ఒక పూట భోజనం. విరాళం అందిన కొద్దీ వెలుగు పైకి పాకింది. నాకు తెలిసినంతలో ఆ గోడ మీద వచ్చిన ప్రదర్శనల్లో అదే గొప్పది. వెలిగే ప్రతి చుక్క వెనుక ఎంత సొమ్ము ఉందో, అది ఎవరి కడుపుకు చేరుతుందో దాన్ని చూస్తున్నవాడికి తెలుసు.

తెలియనప్పుడు ఏమవుతుందో 2023లో చూశాం. ఆగస్టు 13 అర్ధరాత్రి తమ జెండా వెలుగుతుందని ఎదురుచూసిన పాకిస్తానీయులు, వెలగకపోయేసరికి అక్కడే నిరసన నినాదాలు చేశారు. మర్నాడు జెండా వెలిగింది. కాని ఆ రాత్రి వారికి కలిగినది నిజమైన అవమానం. అద్దె గోడను జాతి గౌరవానికి కొలబద్దగా పెట్టుకుంటే మిగిలేది ఇదే. వారిని చూసి నవ్వే అర్హత మనకు లేదు.

ఇది దుబాయికి పరిమితమైన జబ్బు కాదు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ తెరల మీద మన నాయకుల, నటుల పుట్టినరోజులు వెలగడం, ఆ బొమ్మలు ఇంటివైపు పత్రికల్లో అంతర్జాతీయ గుర్తింపుగా అచ్చు కావడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ చందాలు ఇచ్చేది, ఆ బొమ్మలు పంచుకునేది మనబోటి వృత్తి ఉద్యోగులమే. విదేశాల్లోని తెలుగు సంఘాలు ఇకముందు ఏ తెరనైనా అద్దెకు తీసుకుంటే మూడు సంగతులు ప్రకటించాలి: సొమ్ము ఎవరిది, ఎంత, ఏమి చూపాలో నిర్ణయించినది ఎవరు. చందా ఇచ్చే ముందు మనం అడగవలసినవీ ఇవే. ఈ మూడూ చెప్పడానికి ఇబ్బంది లేని ప్రదర్శనను నేనూ వెళ్ళి చూస్తాను.

ఆ జగిత్యాల ఆయన మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్షకు వచ్చాడు. మాటల మధ్య ఆ తెర ధర చెప్పాను. ఆయన జీతం నెలకు 1200 దిర్హాములు. ఫోనులో లెక్క వేసుకున్నాడు. “వారాంతం రేటుకు నాకు ఇరవై నాలుగేండ్ల జీతం సార్” అన్నాడు. కాసేపు ఆగి, “అయినా మంచిగనే ఉండె” అన్నాడు. ఆ రెండో మాటను కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. మొదటి మాట మాత్రం ఆయనకు ముందే తెలిసి ఉండవలసినది.