చెలి భుజం

ఈ వారం ఇంటికొచ్చిన ఒక శుభలేఖ మీద రవివర్మ శకుంతల ఉంది. కాలిలో ముల్లు తీసుకునే నెపంతో వెనక్కి తిరిగి చూసే శకుంతల. పక్కనున్న చెలులను మాత్రం కత్తిరించేశారు. చాచిన చెయ్యి ఆసరా లేక గాలిలో ఉండిపోయింది. మనసు చివుక్కుమంది. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి ‘శకుంతల జననం’తో అచ్చు మొదలుపెట్టిన నాటి నుంచి ఆయన బొమ్మలు ప్రతి గోడా ఎక్కాయి, ప్రతి కత్తెరకూ దొరికాయి.

బొమ్మలో భావం కోసం ముందే ముఖం దగ్గరికి పోవద్దని ఇక్కడ చాలాసార్లు రాశాను. ముందు పాదాలు చూడాలి, ఒంటి బరువు దేని మీద ఆనిందో చూడాలి. తర్వాత చేతులు. ముఖం ఆఖరున.

మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో రవివర్మదే మరో చిత్రం ఉంది. వాద్యాల చుట్టూ చేరిన 11 మంది స్త్రీలు, తలా ఒక ప్రాంతపు కట్టూ బొట్టూ. ఆ పట్టు మెరుపు, నగల పనితనం ఎంతసేపు చూసినా తనివి తీరదు. కానీ చూపులు తలోదిక్కు. కచేరీకి ముందు శ్రుతి చేసుకునేవాళ్లను గమనించండి: మెడ కాస్త వంచి పక్కవాళ్ల తంబురాకు చెవి ఒగ్గుతారు. ఆ వంపు ఇక్కడ నాకు కనబడదు. దేశాన్నంతా ఒక్కచోట కూర్చోబెట్టాలన్న తలపు గొప్పదే. ఒకరినొకరు ఎరిగినట్టు మాత్రం లేరు.

శకుంతల చిత్రంలో ఆ ఎరుక ఉంది. ఒంటికాలి మీద నిలబడి, చెలి భుజం మీద చెయ్యి వేసింది. చూపు మనసుపడ్డ రాజు దుష్యంతుడి కోసం, బరువు చెలి మీద.

బొమ్మ చూడటానికి కథ తెలియనక్కర్లేదని నా పాత పట్టుదల. ఈ చిత్రం దగ్గర అది నిలవదు. కథ ఎరగనివాళ్లకు ఇక్కడున్నది ముల్లు గుచ్చుకున్న అమ్మాయే. కాళిదాసు నాటకం మొదటి అంకం చివర, రాజును ఇంకోసారి చూడాలని, దర్భ గుచ్చుకుందనీ, నారచీర కొమ్మకు తగులుకుందనీ చెప్పి శకుంతల చెలులను ఆగమంటుంది. భుజం ఊసు అక్కడ లేదు. అది రవివర్మ చేర్చింది. నాటకం చదివాకే ఆ చేర్పు విలువ తెలుస్తుంది: ఎవరికి అబద్ధం చెబుతోందో ఆమె మీదే ఆనుకుంది. అనసూయో ప్రియంవదో, ఆ చెలికి సంగతి తెలియకపోతుందా? తెలిసే భుజం కదపకుండా నిలబడిందని నేననుకుంటాను.