చిఱుపొత్తములు – అధోజ్ఞాపికలు

తెలుగు అచ్చు చరిత్రను వ్రాయువారు తొలుత పేర్కొనునవి బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలే నగరమున అచ్చు వేయించిన క్రైస్తవ మతబోధకములగు చిఱుపొత్తములు. లూథరు ప్రశ్నోత్తరి, 'నూరు జ్ఞాన వచనములు', 'మోక్షానికి కొంచు పొయ్యే దోవ' అనునవి వీనిలోనివి. ఇంత ప్రసిద్ధములైనను, ఉపయుక్త గ్రంథసూచులలో ఇవి తఱచుగా పోల్చుకొనరాని రూపమున కనబడును. ఒకచోట షుల్జ్ గ్రంథకర్త, మఱొకచోట షుల్ట్జ్ అనువాదకుడు. క్రొత్త పరిశోధకునకు వీరిరువురు వేర్వేఱు మనుష్యులు!

నేడు మన విద్యార్థులు అనుసరించుచున్న పద్ధతులు ముఖ్యముగా మూడు: అమెరికా మనస్తత్త్వశాస్త్ర సంఘమువారిది, ఆధునిక భాషా సంఘమువారిది, షికాగో వారిది. మొదటిదాని 2019 నాటి ఏడవ కూర్పు పుస్తకములకు ముద్రణస్థలమును వ్రాయ నక్కఱలేదన్నది. నేటి పుస్తకములకు ఇది సబబే. కాని హాలే పొత్తమునకు స్థలమే ప్రాణము. షుల్జ్ 1726 మొదలు 1743 వఱకు చెన్నపట్టణమున నుండెను. స్థలము లోపించినచో ఈ పొత్తములు అచ్చటనే అచ్చుపడినవని చదువరి భ్రమించుటలో వింత యేమి? భాషా సంఘమువారు 1900కు పూర్వపు పుస్తకములకు నగరనామమును వ్రాయవచ్చునని విడిచిరి. ఆ మాత్రము వివేకము మెచ్చదగినది.

కాలనిర్ణయమున చిక్కు ఇంకను పెద్దది. పందొమ్మిదవ శతాబ్దిలో అచ్చయిన మత కరపత్రముపై 'ప్రభవ' అని మాత్రమే యున్నదనుకొందము. అది 1807 కావచ్చును, 1867 కావచ్చును. 1867 అని తేలినను, ఫాల్గుణమున వెలువడినచో అది 1868 అగును. కర్త పేరు వెంటనే సంవత్సరమును కోరు పద్ధతి ఈ సందేహమును దాచి, ఊహను నిశ్చయముగా చూపును. షికాగో పద్ధతిలో ఊహించిన సంవత్సరమును చదరపు కుండలీకరణములలో ప్రశ్నార్థకముతో వ్రాయవచ్చును. అధోజ్ఞాపికలో కారణమును చెప్పుటకును చోటు కలదు. మేము దీనినే మేలుగా తలంతుము.

పేరులను దిద్దుట మఱొక దోషము. 'దోవ'ను 'త్రోవ'గా, 'పొయ్యే'ను 'పోవు'గా మార్చి వ్రాయుట పాండిత్యము కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో వాడుకభాష అచ్చున కెక్కిన దనుటకు ఆ పేరే సాక్ష్యము. సాక్షి నోటిమాటను న్యాయవాది దిద్దరాదు.

ఉస్మానియా ప్రాంగణమునుండి తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారమునకు దూరము స్వల్పమే, కాని పద్ధతిలో అంతరము మిక్కిలి. అచ్చట ఏ పత్రమును పేర్కొన్నను అది యున్న చోటును, సంఖ్యను వ్రాయక తప్పదు. ఇచ్చట అచ్చుపుస్తకమునకు ఆ నియమము లేదు. ప్రతులన్నియు ఒక్కటే యని నమ్మకము. పాత చిఱుపొత్తములు ఈ రెంటికి నడుమనున్నవి. లండనులో జార్జి థామసన్ 1640 మొదలు 1661 వఱకు ఇరువదివేలకు పైగా కరపత్రాదులను కూర్చి, పెక్కింటిపై తేదీలను స్వహస్తమున వ్రాసెను. ఆ తేదీలు ఆయన ప్రతులకే చెందినవి; వేఱొక గ్రంథాలయపు ప్రతిలో వానిని వెదకిన ప్రయోజనము లేదు. కావున ఏ గ్రంథాలయపు ప్రతిని చూచితిమో, ప్రతిని చూడక పట్టికను మాత్రమే చూచినచో ఆ పట్టిక యేదో, అధోజ్ఞాపికలోనే వ్రాయవలెను. హాలే ప్రతిని కన్నులజూడక బ్రిటిషు మ్యూజియమువారి 1912 నాటి తెలుగు పుస్తకముల పట్టికను చూచినవారు ఆ పట్టికనే పేర్కొనుట న్యాయము.