తిరిగే ఊచ, నివురుగప్పిన బొగ్గు

సాయంత్రం ఆరు దాటిందంటే దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో నుంచి చైతన్యపురి మీదుగా ఎల్బీ నగర్ చౌరస్తా దాకా మెట్రో పట్టాల కింద, సందుల మొగదల్లో అద్దాల పెట్టెలు వెలుగుతాయి. లోపల ఇనుప ఊచలకు గుచ్చిన కోళ్లు వరుసగా, తీరిగ్గా తిరుగుతుంటాయి. కోచింగ్ సెంటర్ నుంచి హాస్టల్‌కి వెళ్లే పిల్లలు, మెట్రో దిగిన ఉద్యోగులు, విజయవాడ బస్సు కోసం ఎదురుచూసే ప్రయాణికులు ఆ వాసనకు ఒక్క నిమిషం ఆగుతారు. "అన్నా, ఒక హాఫ్ ప్యాక్ చెయ్యి" అని చెప్పి, ఫోన్ తీసి స్కాన్ చేసి, పొట్లం పట్టుకుని వెళ్లిపోతారు.

హైదరాబాద్ బిర్యానీకి దేశదేశాల్లో పేరుంది. హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ రెండింటి వెనకా ఉస్తాదులున్నారని, వాళ్లది ఏళ్ల తరబడి నేర్చిన విద్య అని ఊరంతా ఒప్పుకుంటుంది. అద్దాల పెట్టె పక్కన చెమటలు కక్కుతూ బొగ్గులు సర్దే మనిషి గురించి మాత్రం ఎవరూ అలా అనుకోరు. మోటారు తిప్పుతోంది, నిప్పు కాలుస్తోంది, మధ్యలో అతను చేసేదేముంది అన్నట్టు చూస్తారు. ముక్కలు చేయకుండా ఒక కోడినో మేకనో మొత్తంగా కాల్చడం వంటల్లోకెల్లా కష్టమైన పనుల్లో ఒకటి. ఒకే ఒంట్లో మందమైన తొడ, పలచని రెక్క, కొవ్వు లేని రొమ్ము, ఎముకను అంటుకున్న పచ్చి కండ ఉంటాయి. అవన్నీ ఒకే వేళకు తయారవ్వాలి. దానికి కావలసింది సెగ మీద పట్టు. అది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఈ విద్య మన నేలకు కొత్తది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం'లో వంటల గురించి పెద్ద అధ్యాయమే ఉంది. శూలానికి గుచ్చి నిప్పుల మీద కాల్చే మాంసం గురించి, పందిని గడ్డిమంటలో కాల్చి వెంట్రుకలు తీసే పద్ధతి గురించి అందులో వివరంగా ఉంది. కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యులకు సామంతులు. అంటే ఓరుగల్లు సీమ కూడా ఆ ఏలుబడిలోదే.

ఆ పద్ధతుల్లో సగం ఇప్పటికీ బతికే ఉంది. తరతరాలుగా పందుల పెంపకంలో ఉన్న ఎరుకల కుటుంబాలు పందిని గడ్డితోనో తాటాకుతోనో కాల్చి, గీకి, కడుగుతాయి. నాటుకోడికి ఈకలు పీకి, పసుపు రాసి, మంట మీద తిప్పి తీయడం ప్రతి పల్లెకూ తెలుసు. సరూర్‌నగర్, కొత్తపేట వైపు ఆదివారం పొద్దున మటన్ కొట్ల దగ్గర మేక తలకాయలు, కాళ్లు కాల్చి ఇచ్చేవాళ్లుంటారు. అయితే ఇక్కడ నిప్పు పని వెంట్రుకలు పోగొట్టి, చర్మానికి కాలిన వాసన పట్టించడం వరకే. అసలు ఉడకడం తర్వాత గిన్నెలో జరుగుతుంది.

నిప్పుల సెగ మీదే లోపలిదాకా ఉడికించే అలవాటు మన నగరానికి మరో దారిలో బలపడింది. ఎల్బీ నగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని కర్మన్‌ఘాట్, సంతోష్‌నగర్ మీదుగా వెళ్తే చాంద్రాయణగుట్ట, దాని పక్కనే బార్కస్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసుల పేట అది. వాళ్ల మందీ ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రతి రోడ్డు మీదా దొరుకుతోంది. పాత పద్ధతిలో మందీ గుంతపొయ్యిలో తయారవుతుంది. అడుగున నిప్పులు, వాటి మీద బియ్యం గిన్నె, దానికి పైన మాంసం పెట్టి మూత బిగిస్తారు. మాంసం నుంచి కారిన కొవ్వంతా అన్నంలోకి దిగుతుంది. దీనికి తోడు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవాళ్లు బొగ్గుల మీద కాల్చే అల్ ఫహమ్ కోడి, షవర్మా రుచులు మోసుకొచ్చారు. నిలువు ఊచ మీద మాంసాన్ని తిప్పి కాల్చే షవర్మాకు మూలం టర్కీలోని బుర్సా పట్నపు దోనర్. ఇలా పల్లె అలవాటు, బార్కస్ గుంత, గల్ఫ్ పొయ్యి కలిసిన చోట నిలబడింది దిల్‌సుఖ్‌నగర్ అద్దాల పెట్టె.

ఇక పని దగ్గరికొస్తే, అది మధ్యాహ్నమే మొదలవుతుంది. కిలో, కిలోంబావు తూగే బ్రాయిలర్ కోడి దీనికి సరిపోతుంది. నాటుకోడి కండ గట్టిది, పొడి సెగకు మరీ బిగుసుకుపోతుంది. ఉప్పు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం, కారం, కాస్త పెరుగు పట్టించి కనీసం నాలుగైదు గంటలు ఉంచాలి. ఉప్పు కండలోకి దిగేందుకు ఆ సమయం కావాలి. తీపి కలిసిన పూతను మొదట్లోనే రాస్తే చర్మం మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. కాబట్టి అలాంటివి చివరి పది నిమిషాల్లోనే. గుచ్చే ముందు చర్మం మీది తడి తుడిచేస్తే తొందరగా రంగు తిరుగుతుంది.

తర్వాత కట్టడం. రెక్కలు వెనక్కి మడిచి, కాళ్లు దగ్గరకు లాగి దారంతో బిగిస్తారు. వేలాడే రెక్క ఒక్కటి చాలు, అది బొగ్గుకు దగ్గరై మాడిపోతుంది. ఊచ ఒంటి నడిమధ్య నుంచి వెళ్లాలి. పనివాడు గుచ్చిన ఊచను రెండు అరచేతుల మీద పెట్టి ఒకసారి దొర్లించి చూస్తాడు. ఏదైనా పక్క బరువై టక్కున కిందికి వాలితే విప్పి మళ్లీ గుచ్చుతాడు. ఒకవైపు బరువున్న ఊచ మోటారు మీద కుదుపుతో తిరుగుతుంది. బరువు వైపు నిప్పు దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది, మరో పక్క గబుక్కున దాటిపోతుంది. సగం మాడి సగం పచ్చిగా వచ్చిన కోడికి చాలాసార్లు కారణం ఇదే.

బొగ్గుల్లోనూ తేడాలున్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో పొయ్యిలకు వచ్చే బొగ్గులో సర్కారు తుమ్మది పెద్ద వాటా. అమెరికా ఖండపు ఈ చెట్టును 1877లో జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర వేశారు. రైతులకు అది తెగులులా పాకింది గానీ, దాని కర్ర గట్టిది, బొగ్గు ఎక్కువసేపు నిలుస్తుంది. అంటించిన వెంటనే మాంసం పెట్టకూడదు. పొగ పోయి, నల్లదనం పోయి, పైన తెల్లని నివురు కప్పుకునేదాకా ఆగాలి. నివురు మంటను అణచి ఉంచుతుంది, సెగను మాత్రం నిలకడగా పంపుతుంది. మాంసం ఉండే ఎత్తులో అరచెయ్యి పెట్టి, నాలుగైదు క్షణాలు ఓర్చుకోగలిగితే సరైన వేడి అని లెక్క. రెండు క్షణాలకే చెయ్యి లాగేస్తే బొగ్గులు వెనక్కి తోస్తారు.

అన్నిటికంటే ముఖ్యం బొగ్గు ఎక్కడ ఉండాలన్నది. కొత్తవాళ్లు కోడికి సరిగ్గా కింద నిప్పు పోస్తారు. కొవ్వు చుక్క పడగానే గుప్పున మంట లేచి, మసి చర్మానికి పట్టి, కమురు వాసన వస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు బొగ్గును వెనక గోడకో రెండు పక్కలకో సర్ది, నడుమ కొవ్వు పడేందుకు తట్ట పెడతారు. పక్క నుంచి వచ్చే సెగకు కోడి ఒంటి ఒక భాగం వేడెక్కుతుంది. తిరిగి అవతలికి వెళ్లాక ఆ వేడి లోపలికి ఇంకే వ్యవధి దొరుకుతుంది. పైగా చర్మం కింద కరిగిన కొవ్వు కిందికి కారేలోపు ఊచ తిరిగిపోతుంది కాబట్టి, అది మళ్లీ కోడి మీదే పాకుతుంది. మందీలో అన్నానికి పోయే కొవ్వు ఇక్కడ కోడికే దక్కుతోందన్నమాట. నిమిషానికి రెండు మూడు చుట్లు చాలు.

చర్మానికి బంగారు రంగును, కాలిన రుచిని ఇచ్చే రసాయన చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించాడు. అది సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాక జోరందుకుంటుంది. తడి ఉన్నంతసేపూ చర్మం వంద డిగ్రీలు దాటదు. కోడిని తుడిచి పెట్టడంలో రహస్యం ఇదే. లోపల మాత్రం 74 డిగ్రీలు చేరాలి, అప్పుడే సాల్మొనెల్లా వంటి క్రిములు చస్తాయి. రొమ్ము ఆ వేడి దాటితే పీచు పీచుగా ఎండుతుంది. తొడకు ఇంకాస్త వేడి తగిలితేనే మెత్తబడుతుంది. అందుకే బొగ్గును తొడల వైపు కాస్త ఎక్కువగా పోగుచేస్తారు. తొడ కీలు దగ్గర గుచ్చి, వచ్చే రసం తేటగా ఉందో ఎర్రగా ఉందో చూస్తారు. దించాక పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే రసం కండలోనే నిలుస్తుంది.

జంతువు పెద్దదయ్యేకొద్దీ ఈ లెక్కలన్నీ కఠినమవుతాయి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లలో చాలామంది నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ నాడు టర్కీ కోడి వండుతారు. ఐదారు కిలోల టర్కీని ఊచ మీద కాల్చాలంటే మూడు గంటల దాకా పట్టవచ్చు. దాని రొమ్ము చాలా పెద్దది, కొవ్వు తక్కువ. కాబట్టి ముందురోజే ఉప్పు పట్టించి, రొమ్ము మీద రేకు కప్పి, చివర్లో తీసి రంగు తెప్పిస్తారు. దించాక అరగంట ఆగాకే కోత.

ఫిలిప్పీన్స్‌లోని దావావోకు డాక్టరు చదువు కోసం మన పిల్లలు చాలామందే వెళ్లారు. అక్కడి పండగల్లో లెచోన్, అంటే మొత్తంగా కాల్చిన పంది, లేని విందు అరుదు. పంది పొట్టలో నిమ్మగడ్డి, వెల్లుల్లి, ఉల్లికాడలు కూరి కుట్టేసి, పొడవాటి వెదురు బొంగుకు గుచ్చి, గంటల తరబడి చేత్తో తిప్పుతారు. నిప్పులన్నీ భుజాల కింద, తొడల కింద పోస్తారు. పలచని పొట్ట భాగం కింద దాదాపు ఖాళీగా వదిలేస్తారు. దిల్‌సుఖ్‌నగర్ పనివాడు బొగ్గును తొడల వైపు తోయడంలోనూ, లెచోన్ పనివాడు రెండు చివరలకు తోయడంలోనూ ఉన్న లెక్క ఒకటే.

ఈ తిప్పే పని మీద పెద్ద బుర్రలే పనిచేశాయి. పొయ్యి నుంచి లేచే వేడిగాలితో తిరిగే చక్రాన్ని చిమ్నీలో అమర్చి, దాంతో ఊచను తిప్పే యంత్రాన్ని లియొనార్డో డావిన్సీ 15వ శతాబ్దంలో గీశాడు. మంట పెరిగితే చక్రం వేగం పెరుగుతుంది, ఊచ కూడా తనంతట వేగంగా తిరుగుతుంది. ఇంగ్లండ్‌లో కొన్ని శతాబ్దాలు ఈ పనికి చిన్న కుక్కలను చక్రంలో పరుగెత్తించారు. తర్వాత కరెంటు మోటారు వచ్చింది. తిప్పడం యంత్రానికి వెళ్లిపోయినా బొగ్గు సర్దడం మనిషి చేతిలోనే మిగిలింది.

ఆ మనిషికి గౌరవమిస్తే ఏమవుతుందో పెరూ చూపించింది. 1950లో లిమా శివార్లలోని శాంటా క్లారాలో రోజర్ షూలర్ అనే స్విట్జర్లాండ్ దేశస్థుడు కోళ్లను బొగ్గు మీద కాల్చి అమ్మడం మొదలుపెట్టాడు. చాలా కోళ్లను ఒకేసారి తిప్పే యంత్రాన్ని మరో స్విస్ దేశస్థుడు ఫ్రాంజ్ ఉల్రిచ్ చేసిచ్చాడు. పోయో అ లా బ్రాసా అనే ఆ వంటకాన్ని పెరూ 2004లో జాతీయ సాంస్కృతిక వారసత్వంలో చేర్చింది. ఏటా జూలై మూడో ఆదివారం దాని పేరిట పండగ జరుగుతుంది. అక్కడివాళ్లు మెచ్చే కట్టె అల్గరోబో, అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. చుట్టరికమున్న కర్ర, ఒకే తిరిగే ఊచ. అక్కడ అది వారసత్వ సంపద, ఇక్కడ ఫుట్‌పాత్ సరుకు.

గౌరవం కోరేముందు సరిదిద్దుకోవలసినవీ ఉన్నాయి. పచ్చి కోళ్లను పై ఊచకు, ఉడికేవాటిని కింది ఊచకు పెడితే పచ్చి రసం కిందివాటి మీద పడుతుంది. జాగ్రత్త తెలిసినవాళ్లు పచ్చివాటిని కింద మొదలుపెట్టి, అయ్యేకొద్దీ పైకి మారుస్తారు. పచ్చిదాన్ని కోసిన కత్తి, చెక్క ఉడికినదానికి వాడకూడదు. మూసిన గదిలో బొగ్గు పొయ్యి ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పొట్లంలో పెట్టే తెల్ల చట్నీ సంగతి మరీ ముఖ్యం. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. దానికి బదులు వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు చిలికి చేసే లెబనాన్ తూమ్‌లో గుడ్డే ఉండదు, కాల్చిన కోడికి రుచిలో ఏమాత్రం తీసిపోదు.

ఇవన్నీ నేర్పగల సంస్థ కూడా నగరపు ఇదే తూర్పు దిక్కున ఉంది. బోడుప్పల్ దగ్గర చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ మాంసం శుభ్రత, తయారీ మీద శిక్షణలు ఇస్తుంది. అక్కడి నిపుణులు, దిల్‌సుఖ్‌నగర్ బొగ్గు పనివాళ్లు కలిసి కూర్చుంటే ఇరువైపులా లాభమే. అరచేత్తో సెగ కొలిచేవాడి చేతికి కొన్ని వందల రూపాయల థర్మామీటర్ అందుతుంది. ఏ దూరంలో ఎంత బొగ్గుకు ఎంత వేడి వస్తుందన్న వీధి లెక్క కాగితం మీదికి ఎక్కుతుంది. శిక్షణ పూర్తిచేసిన వంటవాడి పేరు, ఫొటో, సర్టిఫికెట్ పెట్టె మీద అతికించుకోనివ్వాలి. ఎల్బీ నగర్ చౌరస్తాలో అలాంటి పెట్టెలు నాలుగు కనిపిస్తే చాలు, మిగతా చోట్ల కొనేవాళ్లే "మీ సర్టిఫికెట్ ఏదన్నా?" అని అడగడం మొదలుపెడతారు.