ఇసుకను పట్టి ఉంచే తీగ

మా రాజపాళయం వాళ్ళకి కొండ ఇంటి ముంగిట్లోనే ఉంది గానీ, సముద్రం చూడాలంటే తిరునెల్వేలి దాటి తిరుచెందూరు వెళ్ళాల్సిందే. మురుగన్ దర్శనం అయ్యాక నేను దక్షిణంగా మణపాడు దాకా వెళ్తాను. ఇసుక దిబ్బల మీద పాకే బాలబంద తీగ పక్కన కూర్చుని నోటుబుక్కులో దాని బొమ్మ గీస్తాను. ఏళ్ళుగా ఇదే నా అలవాటు. గీస్తేనే తీగ తెలిసివస్తుంది.

ఆకు దళసరిగా ఉండి, కొస రెండుగా చీలి, అచ్చం మేక గిట్ట ముద్రలా ఉంటుంది. తుంచితే పాలు కారతాయి. ఊదా కలిసిన గులాబి రంగు పువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా వాడుతుంది. నూగు పట్టిన గింజలు ఉప్పునీళ్ళలో తేలుతూ ఎంతో దూరం పోయి కూడా మొలుస్తాయి. అందుకే ఉష్ణమండలపు తీరాల్లో దాదాపు అంతటా ఈ తీగ కనిపిస్తుంది.

గీసేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది కణుపు దగ్గర. కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఆకుల మధ్య చిక్కుకుని పేరుకుంటుంది. ఇసుక కప్పేస్తే తీగ మళ్ళీ చిగురు పైకి తోస్తుంది. అలా ఏటికేడు దిబ్బ కడుతుంది. ఆ దిబ్బ నిలిచినంతకాలం వెనకున్న ఇళ్ళకీ చేలకీ ఇసుక గాలి నుంచి కాపు ఉంటుంది.

తమిళంలో దీన్ని అడుంబు అంటారు. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని గ్రంథస్థం చేయడానికి ఎన్నో శతాబ్దాల ముందే, కురుంతొగై అనే ప్రాచీన తమిళ సంకలనంలోని నెయ్దల్ (సముద్రతీర) పాటల్లోకి ఈ తీగ ఎక్కింది. అంత పాత చుట్టాన్ని ఇవాళ పిచ్చి మొక్క అని పీకేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. తీరం అందంగా కనపడాలని దిబ్బ చదును చేసి, తీగ లాగేస్తే, ఇసుకను పట్టి ఉంచే దిక్కు ఉండదు.

దీన్ని పెంచడం తేలిక. మూడు నాలుగు కణుపులున్న తీగ ముక్కను, పోటు నీళ్ళు అందనంత ఎగువన, ఈశాన్య రుతుపవనాల వానల్లో ఇసుకలో పాతితే చాలు, వేరు పట్టుకుంటుంది. తీరం శుభ్రం చేయడానికి వెళ్ళే పిల్లలకి, పెద్దలకి నా మనవి ఒక్కటే: ప్లాస్టిక్ అంతా ఏరండి, బాలబంద తీగను మాత్రం ముట్టుకోకండి.